వియ్యాలవారి అడంగల్

రెవెన్యూ శాఖలో జీవితమంతా పనిచేసి రిటైరైనవాణ్ణి అమెరికా తీసుకెళ్ళి ఊరికే కూర్చోబెట్టకూడదు. మొదటి వారం కిటికీలోంచి మంచు చూస్తాడు. రెండో వారం ఇంటి పన్ను రసీదులు ఎక్కడున్నాయని కొడుకుని నిలదీస్తాడు. మూడో వారానికి పక్కింటివాడి కంచె అడుగున్నర ఇటు జరిగిందని తేలుస్తాడు. బోస్టన్ శివార్లలో మావాడి ఇంటి దగ్గర ఆ కంచె గొడవ నేను పైకి తీయబోతుండగా మా కోడలు కనిపెట్టి, నా చేతికి వేరే పని అప్పగించింది.

"మామయ్యగారూ, మా అమ్మమ్మ పుట్టింటివాళ్ళది ఐర్లండ్‌లో ఏ ఊరో కనుక్కోవాలి. పాత కాగితాలు చదవడంలో మీ తర్వాతే ఎవరైనా అని మీ అబ్బాయి అంటాడు."

కోడలు అమెరికన్ పిల్ల. తెలుగులో 'మామయ్యగారూ' అన్నమాట ఒక్కటే గట్టిగా వచ్చు గానీ, దాన్ని ఎప్పుడు వాడాలో మాత్రం మన పిల్లలకంటే బాగా తెలుసు. వంశం మీద ఇంత మమకారమా అని ముచ్చటపడ్డాను. రెండ్రోజులు పోయాక అసలు సంగతి మావాడు చెప్పాడు. వంశంలో ఎవరో ఒకరు ఐర్లండ్‌లో పుట్టినట్టు రుజువు చూపిస్తే ఆ దేశపు పాస్‌పోర్టు ఇస్తారట. అది చేతికొస్తే యూరప్‌లో ఎక్కడైనా ఉద్యోగం చేసుకోవచ్చట. నియమాలు పూర్తిగా చదివారా అని అడిగితే, "ముందు ఊరు దొరకనీ నాన్నా, తర్వాత చదువుదాం" అన్నాడు.

ఐర్లండ్ గురించి నాకు అప్పటికి తెలిసినవి రెండే ముక్కలు. మన వి.వి.గిరిగారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళి, అక్కడి తిరుగుబాటుదార్లతో చెలిమి చేసి, 1916లో దేశం విడిచి పొమ్మనిపించుకుని తిరిగొచ్చారు. మార్గరెట్ కజిన్స్ అనే ఐరిష్ ఆవిడ 1919లో మదనపల్లెలో రవీంద్రుడు పాడగా విని 'జనగణమన'కి స్వరాలు రాసిపెట్టారు. ఈ రెండూ పెట్టుబడిగా పెట్టుకుని అమ్మమ్మగారి దగ్గరికి వెళ్ళాను.

అమ్మమ్మగారు మా వియ్యపురాలి తల్లి. తొంభై ఒక్క ఏళ్ళు. పుట్టింది 1933లో, బోస్టన్‌లోనే. చెవులు బాగానే పనిచేస్తాయి గానీ తనకి ఇష్టంలేని ప్రశ్న వస్తే మాత్రం వినిపించదు. గిరిగారి కథంతా విని, "ఇంగ్లీషువాళ్ళు వెళ్ళగొట్టారా? అయితే మనవాడే" అని ఆయన్ని అప్పటికప్పుడు వంశవృక్షంలో కలిపేసుకున్నారు. నేను ఒక కాగితం తీసి వాంగ్మూలం రాసుకోవడం మొదలుపెట్టాను. మా శాఖలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఇవ్వాలన్నా ముందు అదే పని.

ఆవిడ చెప్పినదాని సారాంశం ఇది. వాళ్ళమ్మ మేరీ సల్లివాన్ బంగాళాదుంపల కరువులో తిండిలేక దేశం వదిలింది. టైటానిక్‌కి టికెట్ కొనుక్కుంది గానీ, రైలు ఆలస్యమై ఓడ తప్పిపోయి బతికిపోయింది. న్యూయార్కులో ఎల్లిస్ ద్వీపం మీద దిగితే అక్కడి గుమస్తా ఓసల్లివాన్‌లోంచి 'ఓ' కొట్టేశాడు. మూలపురుషుడు వైకింగుల మెడలు వంచిన బ్రయన్ బోరూ మహారాజు. పెద్దమ్మ డీలియా దేవత. బోస్టన్‌లో వంటమనిషిగా చేసి తోబుట్టువులందరికీ ఓడ టికెట్లు పంపి, తను పెళ్ళి మాటే ఎత్తకుండా, అమ్మమ్మగారు పుట్టకముందే కన్నుమూసింది. ఇంకో పెద్దమ్మ బ్రిజెట్ ఉండేదిగానీ, ఆ పేరు ఇంట్లో ఎత్తకూడదు.

"ఏం చేసింది?"

అమ్మమ్మగారు గొంతు తగ్గించారు. "ఇటాలియన్ వాడితో వెళ్ళిపోయింది."

వాంగ్మూలం మీద సంతకం తీసుకుని ఇంటికొచ్చి మొదటి లెక్క వేశాను. కరువు 1845లో మొదలై 1852తో ముగిసింది. మేరీ ఆ కరువులో వచ్చి ఉంటే, 1933లో ఈవిడని కనేనాటికి ఆవిడకి తక్కువలో తక్కువ ఎనభై ఏళ్ళుండాలి. ఏ తహసీల్దారూ ఒప్పుకోడు.

ఇక రికార్డుల కోసం దిగితే తెలిసింది, ఐర్లండ్‌లో పూర్వీకులను వెతకడం ఎంత దుర్ఘటమో. 1821 నుంచి 1851 దాకా నాలుగు జనగణనల ఫారాలు డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో భద్రంగా ఉండేవి. 1922లో అంతర్యుద్ధం వచ్చింది. ఒక పక్షం ఆ భవనంలో దూరి, రికార్డుల పక్కనే మందుగుండు దాచుకుంది. జూన్ 30న అది పేలింది. ఏడు శతాబ్దాల కాగితాలు కాలి ముక్కలై డబ్లిన్ వీధుల మీద ఎగిరి పడ్డాయి. సరే, అది యుద్ధం. మరి 1861, 1871 ఫారాలేవయ్యా అంటే, లెక్కలు తీసుకున్నాక ఇంకెందుకని ప్రభుత్వమే నాశనం చేసింది. 1881వీ, 1891వీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కాగితం కొరతగా ఉందని గుజ్జు చేసేశారు. చెదపురుగుల వాటాకి ఏమీ మిగల్లేదు.

పోనీ అమెరికా వైపు నుంచి నరుక్కొద్దామంటే, వీళ్ళ 1890 జనగణన కాగితాలు 1921లో వాషింగ్టన్‌లో నేలమాళిగలో అంటుకున్నాయి. కాలినవి పోగా తడిసినవాటిని ఏం చేయాలో తేల్చుకోవడానికి ఒక పుష్కరం పట్టింది. చివరికి 1933లో కాంగ్రెసు, వాటినీ పారేయొచ్చని అనుమతి ఇచ్చింది. ఈ ఫైలు నడిచిన తీరు చూసి నాకు ఈ దేశం మీద తొలిసారి ఆత్మీయత కలిగింది.

మొత్తానికి ఐర్లండ్‌లో ఆ కాలంవాటిలో నిండుగా మిగిలినవి 1901, 1911 జనగణనలు. రెండూ వాళ్ళ జాతీయ పురాభిలేఖాగారం ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. అమ్మమ్మగారికి గుర్తున్నది కౌంటీ పేరొక్కటే కాబట్టి, కార్క్ కౌంటీలో మేరీ సల్లివాన్ అని వెతికాను. కృష్ణా జిల్లాలో వెంకటేశ్వరరావుని పిలిస్తే ఎంతమంది పలుకుతారో అంతమంది పలికారు. ఒకే ఊళ్ళో, ఒకే వయసులో, తండ్రి పేరు కూడా ఒకటే అయిన మేరీలు. అక్కడి బేరా ద్వీపకల్పంలో సగం ఊళ్ళు సల్లివాన్‌లే కాబట్టి ఒక్కో శాఖకీ ఒక్కో మారుపేరు పెట్టి పిలుచుకుంటారట. వాళ్ళకీ మనలాగే ఇంటిపేర్లు చాలక మళ్ళీ ఇంటిపేర్లు కావలసివచ్చాయన్నమాట. ఆ మారుపేర్లు మాత్రం ఏ ఫారంలోనూ ఉండవు.

దారి చూపించింది ఓడ పట్టీ. 1907 తర్వాత అమెరికా వచ్చేవాళ్ళ పట్టీల్లో, ఊళ్ళో దగ్గరి బంధువు ఎవరు, ఇక్కడ ఎవరి దగ్గరికి వెళ్తున్నావు అని రెండు గళ్ళుంటాయి. వాటి పక్కనే బహుభార్యాత్వం ఉందా, అరాచకవాదివా అన్న గళ్ళు. మేరీ రెండింటికీ కాదంది. ఒప్పుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని ఆ పట్టీ అంతా చూశాను గానీ నా ఆశ తీరలేదు. బంధువు గడిలో తండ్రి పేరు, బేరాలోని అలిహీస్ దగ్గరి ఒక టౌన్‌ల్యాండ్ పేరు ఉన్నాయి. టౌన్‌ల్యాండ్ అంటే వాళ్ళ లెక్కలో అతి చిన్న రెవెన్యూ ముక్క. దేశం మొత్తం మీద అరవై వేలకి పైనే. వెళ్ళే చోటు గడిలో, 'అక్క డీలియా, బ్రూక్లైన్' అని ఉంది.

ఓడ కునార్డ్ కంపెనీవాళ్ళది. తేదీ 1912 సెప్టెంబరు. టైటానిక్ ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్ రేవులో ఆగింది ఏప్రిల్ 11న. అక్కడ ఎక్కినవాళ్ళు 123 మంది. ఎక్కబోయి తప్పిపోయినవాళ్ళు మాత్రం, బోస్టన్‌లో ఏ ముసలావిడని అడిగినా ఇంటికొకరు తేలతారు. రైలు ఎంత ఆలస్యమైనా అయిదు నెలలు ఆలస్యం కాదు. ఇంకో చిక్కు: ఆ ఓడ వచ్చింది బోస్టన్ రేవుకి. మేరీ ఎల్లిస్ ద్వీపం మొహమే చూడలేదు. చూసినా అక్కడి గుమస్తా 'ఓ' కొట్టేసే అవకాశం లేదు. పేర్లు రాసేది ఓడ కంపెనీవాళ్ళు, ఓడ ఎక్కే రేవులో. ఇక్కడ చేసేది ఆ పట్టీ ముందు పెట్టుకుని ఒక్కొక్కరినీ సరిచూసుకోవడమే. పైగా 1901 ఫారంలో మేరీ తండ్రే స్వయంగా సల్లివాన్ అని సంతకం చేశాడు. ఇంగ్లీషువాళ్ళ పాలనలో చాలామంది 'ఓ' వదిలేసి, జాతీయాభిమానం పెరిగాక మళ్ళీ తగిలించుకున్నారు. ఈయన కూడా 1911లో తగిలించాడు.

పాపం అమ్మమ్మగారిని అనడానికి లేదు. 1892 జనవరి 1న ఎల్లిస్ ద్వీపం తెరిచినప్పుడు అందరికంటే ముందు దిగిన పిల్ల కార్క్ నుంచి వచ్చిన యానీ మూర్. చేతిలో పది డాలర్ల బంగారు నాణెం పెట్టి పత్రికల్లో రాశారు. ఇంత పేరున్న మనిషి తర్వాత ఏమైందంటే, టెక్సాస్ వెళ్ళి అక్కడే పోయిందని ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. ఆ కుటుంబంవాళ్ళు వేడుకలకి అతిథులుగా కూడా వెళ్ళారు. 2006లో మెగన్ స్మోలెన్‌యాక్ అనే వంశ పరిశోధకురాలు కాగితాలు తిరగేసి, టెక్సాస్ యానీ అసలు అమెరికాలోనే పుట్టిన వేరే యానీ అని తేల్చారు. అసలు యానీ న్యూయార్కు దాటి ఎక్కడికీ పోలేదు. పేదపేటలో సంసారం చేసి 1924లో పోయింది. 2008 దాకా సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. దేశం దేశమే తప్పు యానీని దగ్గర పెట్టుకుని ఉండగా, మా వియ్యాలవారు 'ఓ' గురించి పొరపడితే ఏం పోయింది?

టౌన్‌ల్యాండ్ దొరికాక నా చేతికి 'గ్రిఫిత్స్ వాల్యుయేషన్' వచ్చింది. 1847 నుంచి 1864 దాకా రిచర్డ్ గ్రిఫిత్ అనే ఆయన దేశమంతా కొలిపించి అచ్చువేయించిన పుస్తకం. సాగుదారు పేరు, ఎవరి దగ్గర కౌలు, ఇల్లా పొలమా, విస్తీర్ణం, భూమికి ఎంత విలువ, ఇంటికి ఎంత, మొత్తం ఎంత. కళ్ళు చెమర్చాయి. ఇది అడంగల్ కాక మరేమిటి? ఆ పుస్తకం అచ్చయ్యాక కూడా, తండ్రి పోయి కొడుకు పేరెక్కినప్పుడల్లా చేతిరాత పుస్తకాల్లో పాత పేరు కొట్టేసి, ఆ ఏటికో రంగు సిరాతో కొత్త పేరు రాశారు. అంటే మ్యుటేషన్ రిజిస్టరు! మా కోడలు కాఫీ తెచ్చి, "ఏమైంది మామయ్యగారూ?" అంది. "చూడమ్మా, 1880లలో నీ పూర్వీకుడి పేరు మార్పు ఎంత శుభ్రంగా చేశారో. దరఖాస్తు, ఎంక్వైరీ, ఎర్ర సిరా. మా ఆఫీసులో ఇంత శుభ్రంగా నేనొక్కణ్ణే చేసేవాణ్ణి" అన్నాను. కాఫీ చల్లారిపోతుందని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రంగు సిరాల్లోనే కరువు కథకి కూడా జవాబుంది. కరువులో పది లక్షల మంది చచ్చిపోయారు, ఇంకో పది లక్షల మంది దాకా ఓడలెక్కారు. 1841లో ఐర్లండ్ ద్వీపంలో ఉన్నంతమంది జనం ఈనాటికీ లేరు. పొలాన్ని ముక్కలు చేసి పంచుకుంటే ఏమవుతుందో కరువు నేర్పింది కాబట్టి, తర్వాతి తరాల్లో పొలం ముక్క చెక్కుచెదరకుండా ఒక్క కొడుక్కే పోయింది. ఆ కొడుక్కి పిల్లనిచ్చినవాళ్ళు తెచ్చిన కట్నంతో ఒక ఆడపిల్ల పెళ్ళి అయ్యేది. మిగిలినవాళ్ళకి అమెరికా. మేరీ ఇంట్లో పొలం పెద్దవాడికి వచ్చింది. ఒకడు మోంటానా రాగి గనులకి, మిగిలినవాళ్ళు బోస్టన్‌కి. మా అవనిగడ్డ వైపు ఇళ్ళలో ఇప్పుడు ఏ ముసలాయన్ని కదిపినా ఇదే లెక్క చెబుతాడు, రాగి గనుల స్థానంలో సాఫ్ట్‌వేర్ ఉంటుంది అంతే.

1901 ఫారం వెనక ఇంకొన్ని ఫారాలుంటాయి. గోడలు దేనివి, కప్పు దేనిది, ముందువైపు కిటికీలెన్ని, గదులెన్ని, పెరట్లో ఆవుల కొట్టం ఉందా, పందుల కొట్టం ఉందా. పోలీసు కానిస్టేబుల్ ఇంటింటికీ వెళ్ళి రాశాడు. మా కోడలి పూర్వీకులకి రెండు గదులు, రెండు కిటికీలు, ఒక పందుల కొట్టం. బ్రయన్ బోరూ వంశంవాళ్ళకి కొట్టం ఒక్కటే ఉండటమేమిటని అడిగాను. "రాజ్యం పోయాక" అన్నారు అమ్మమ్మగారు, తొణక్కుండా. ఆ రాజుగారి సంగతి కూడా చూశాను. ఆయన 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో పోయాడు. ఆయన వంశమని చెప్పుకునేది ఓబ్రయన్‌లు. ఓసల్లివాన్‌లు ఓగనాక్త అనే పాత రాజవంశంవాళ్ళు. వాళ్ళ చేతుల్లోంచి మన్‌స్టర్ రాజ్యం లాగేసుకున్నవాడే ఈ బ్రయన్ బోరూ. అంటే అమ్మమ్మగారు తొంభై ఏళ్ళుగా పగవాడి ఫొటోకి దండ వేస్తున్నారు.

ఇక వయసులు. ఇక్కడ నాకు పని ఎక్కువైంది. 1901లో ఆ ఇంట్లో మేరీ తాత వయసు 61. 1911లో అదే తాతకి 77. పదేళ్ళలో పదహారేళ్ళు పెరిగాడు. అచ్చుతప్పేమోనని పక్కిళ్ళు చూశాను. ఊళ్ళో ముసలివాళ్ళందరూ అదే వేగంతో పెరిగారు. కారణం 1908లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన వృద్ధాప్య పింఛను చట్టం. డెబ్భై నిండితే వారానికి అయిదు షిల్లింగులు, 1909 జనవరి నుంచి. ఐర్లండ్‌లో జనన నమోదు మొదలైందే 1864లో. డెబ్భై ఏళ్ళవాళ్ళ దగ్గర కాగితం ఎక్కణ్ణుంచి వస్తుంది? పాత జనగణనల్లో పేరుందేమో చూసి పెట్టమని డబ్లిన్‌కి అర్జీలు పెట్టినవాళ్ళు పెట్టారు. అలా అప్పట్లో తీసిన నకళ్ళే, అసలు కాలిపోయాక, ఇప్పుడు మిగిలాయి. కాగితం దొరకనివాళ్ళకి ఇంకో రుజువుండేది: 1839 జనవరి 6 రాత్రి వీచిన మహా గాలివాన. అది గుర్తుందని చెబితే డెబ్భై నిండినట్టే.

మేరీ తాతకి ఆ గాలి బాగా గుర్తుండే ఉంటుంది. 1901 ఫారం నిజమైతే ఆయన పుట్టింది 1840లో. గాలి వీచిన మరుసటేడు!

నేను నవ్వలేదు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో ఏళ్ళ తరబడి వయసులు ఆ ఉప్పెనతోనే లెక్కవేసేవాళ్ళు. పింఛను దరఖాస్తుల కాలంలో నా బల్ల ముందు కూర్చుని, 'ఉప్పెన నాటికి నాకు ఇద్దరు బిడ్డలు బాబూ' అన్నవాళ్ళలో, ఉప్పెననాడు ఉయ్యాల్లో ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. బాబుగారు రాసేవారు. కార్క్‌లో ఆ పింఛను గుమస్తా ఎవరో గానీ, ఆయన చేత్తో నేనొక కప్పు టీ తాగి ఉంటే బాగుండేది.

ఆ తాత మనవరాలు మేరీ సరిగ్గా దీనికి ఎదురు నడిచింది. ఊరి చర్చిలో బాప్తిస్మం 1890లో. ఓడ పట్టీలో 1912కి ఇరవై. అమెరికా జనగణనల్లో 1920కి ఇరవై అయిదు, 1930కి ముప్ఫై మూడు. తాత ఎక్కువగా వాడుకున్న ఏళ్ళు మనవరాలు తిరిగి జమకట్టింది. కుటుంబం మొత్తం మీద చూస్తే ఖాతా సరిపోయింది.

అసలు చిక్కుముడి 1911 ఫారంలో ఉంది. ఆ ఏడు పెళ్ళయిన ఆడవాళ్ళని ఒక కొత్త ప్రశ్న అడిగారు: ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు. మేరీ తల్లి జవాబు తొమ్మిది, ఎనిమిది. చర్చి రిజిస్టరులో తొమ్మిది బాప్తిస్మాలూ వరసగా దొరికాయి.  పేర్లు కూడా వాళ్ళ ఆచారం ప్రకారం పద్ధతిగా ఉన్నాయి: పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, పెద్దకూతురికి అమ్మమ్మ పేరు. అమ్మమ్మగారి వాంగ్మూలం ప్రకారం పిల్లల్ని లెక్కపెడితే పదిమంది తేలారు. ఒకరు ఎక్కువ. నేను సర్వీసులో భూమి ఎక్కువ రావడం చూశాను, మనిషి ఎక్కువ రావడం చూడలేదు.

రిజిస్టరులో బ్రిజెట్ ఉంది. డీలియా లేదు.

ఆ రోజుల్లో బోస్టన్‌లో, న్యూయార్కులో ఐరిష్ పనమ్మాయి అంటే 'బ్రిజెట్' అని ఎగతాళిగా బొమ్మలు వేసేవారు. అందుకని బ్రిజెట్‌లు చాలామంది ఇక్కడికొచ్చి డీలియాలు అయిపోయారు. ఇది తెలిశాక మాసచూసెట్స్ పెళ్ళిళ్ళ రిజిస్టరు తెరిచాను. 1915. పెళ్ళికూతురు బ్రిజెట్ సల్లివాన్, వంటమనిషి, తల్లిదండ్రుల పేర్లు అవే, చిరునామా బ్రూక్లైన్‌లో అదే ఇల్లు. పెళ్ళికొడుకు పుట్టింది ఇటలీలో.

దేవతా, పేరెత్తకూడని మనిషీ ఒకరే. అయిదుగురు తోబుట్టువులకి టికెట్లు పంపింది, తర్వాత తనకి నచ్చినవాణ్ణి చేసుకుంది. టికెట్లని మరవడానికి వీల్లేదు, పెళ్ళిని క్షమించడానికి లేదు. మధ్యేమార్గంగా కుటుంబం ఆవిణ్ణి రెండుగా పంచి, మంచి భాగాన్ని ఫొటో కట్టించి గోడకి తగిలించింది. మా శాఖలో దీన్ని సబ్‌డివిజన్ అంటారు.

ఫైలు పట్టుకుని అందరం అమ్మమ్మగారి దగ్గరికి వెళ్ళాం. కరువు, టైటానిక్, 'ఓ', రాజుగారు ఒక్కొక్కటీ విప్పుతుంటే ఆవిడకి వరసగా చెవులు పనిచేయడం మానేశాయి. డీలియా దగ్గరికొచ్చేసరికి మళ్ళీ పనిచేశాయి. కాసేపు గోడమీది ఫొటో కేసి చూసి, "ఆ ఇటాలియన్ ఏం పనిచేసేవాడు?" అన్నారు.

"తాపీ మేస్త్రి."

"సొంతిల్లు కట్టించాడా?"

"1920 నాటికే."

"అలా చెప్పరేం మరి!" అన్నారు. బ్రిజెట్ మీద నూరేళ్ళ నిషేధం ఆ ఒక్క మాటతో రద్దయింది.

అప్పుడు మావాడు తీరిగ్గా పౌరసత్వం నియమాలు చదివాడు. ఐర్లండ్‌లో పుట్టినవాళ్ళ మనవలకి అర్హత ఉంది, పేరు నమోదు చేయించుకోవాలి. అంటే మా వియ్యపురాలికి వస్తుంది. ఆవిడకి విమానమంటే భయం. మునిమనవలకి రావాలంటే, వాళ్ళు పుట్టకముందే తల్లో తండ్రో నమోదై ఉండాలి. అంటే మా కోడలికి రాదు. కోడలు నా వంక చూసింది. నేను సాయంత్రాలు కష్టపడి కట్టిన ఫైలు వంక చూశాను.

"ఇంకో సంగతి" అన్నాడు మావాడు చదువుతూ. "తల్లి అక్కడ పుడితే, బిడ్డ ఏ దేశంలో పుట్టినా నమోదు కూడా అక్కర్లేదట. అమ్మమ్మగారూ, మీరు పుట్టినప్పట్నుంచీ ఐరిష్ పౌరులే."

ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "నేనా?"

"మీరే."

"అయితే అక్కడి పింఛను కూడా వస్తుందా?"

ఎవరూ మాట్లాడలేదు. నేను అలవాటు కొద్దీ జేబులోంచి పెన్ను తీశాను. "ముందు వయసు చెప్పండమ్మా" అన్నాను.

"ఎంత రాస్తే పనవుతుంది?" అన్నారు అమ్మమ్మగారు.